ఇంగ్లండు దేశములో అయిదు వారములు
(శతవార్షికోత్సవ కూటములలో, స్త్రీల మైత్రి వారి కోరికపై చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మాట్లాడవలెనని కార్యదర్శిగారు కోరినప్పుడు ఏదైన వేదభాగము మీద ధ్యానము చెప్పుదుమని అనుకొన్నాము. "అది ప్రతి ఆదివారమూ వింటూనే ఉన్నాము గదా అయ్యగారూ, మీరు ఇంగ్లండు వెళ్ళివచ్చిన సంగతులు చెప్పండి" అన్నారు. ఆ మాటలోని భావము మాకు బాగుగా అర్థమయినది. కనుక 2023వ సంవత్సరము మే నెల చివరి వారము మొదలు జూన్ నెలాఖరు వరకు మేమును, మా భార్యయు చేసిన ప్రయాణమును గూర్చి చెప్పుచున్నాము.

ముందుగా ఒక అపోహ తొలగించవలెను. మమ్మును ఏదో మిషను సంస్థ పిలిచినదనియు, విరాళములు తెచ్చితిమనియు కొందరు అనుకొన్నారు. ఒకాయన దేవాలయపు పైకప్పు రేకుల లెక్క కూడ వ్రాసి మా చేతికి ఇచ్చారు. మమ్మును ఎవరూ పిలువలేదు. టిక్కెట్టు ఖర్చులు మా చెల్లెలు భరించినది. ఆమె లెస్టరు నగరములో ఒక ఆసుపత్రిలో నర్సు. చెల్లెలిని చూచుటకు వెళ్ళాము, దానితోపాటు ఇద్దరు ముగ్గురు పాత స్నేహితులను చూచి వచ్చాము. అంతే.

అది కూడ మొదటిసారి కుదరలేదు. 2022లో పెట్టుకొన్న వీసా దరఖాస్తు తిరస్కరించారు. మేము తిరిగి స్వదేశమునకు వత్తుమనే నమ్మకము వారికి కలుగలేదట. ఏడు గ్రామ సంఘములు, ఒక బోర్డింగు, మూడు కమిటీలు, ఆ కమిటీలలోని తగవులు, ఇన్నిటిని విడిచి మేము ఎక్కడికి పోగలము? కట్టిన రుసుము తిరిగి రాలేదు. మరుసటి సంవత్సరము అధ్యక్ష మండల కార్యాలయము వారి ఉత్తరము, చెల్లెలి జీతపు కాగితములు జతపరచి మరల పంపగా, ఈసారి ఏ ప్రశ్నా లేకుండ ఇచ్చారు.

ప్రయాణపు సామాను సంగతి సోదరీమణులకు ప్రీతిగా ఉండును గనుక చెప్పుచున్నాము. ఆ దేశములోనికి మన దేశమునుండి పాల పదార్థములు, మాంసము తీసికొనిపోకూడదు. కనుక మా భార్య కాచిన నెయ్యి ఇంటనే ఉండిపోయినది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, అల్లుడికి రెండు పంచెలు, పిల్లలకు కొండపల్లి బొమ్మలు పోగా, పెట్టె అడుగున తువాలుతో చుట్టిన చిన్న మూట ఒకటి ఉన్నది. అందులో మా అమ్మగారి పాత బైబిలు, ఆమె కళ్ళజోడు, ఒక నేత చీర ఉన్నవి. మేము నిజముగా వెళ్ళినది ఆ మూట అప్పగించుటకే.

లెస్టరు అని పలుకుదురు గాని వ్రాతలో అది లీసెస్టరు. మన రాజమహేంద్రవరము రాజమండ్రి అయినట్లే అనుకొనవలెను. ఎర్ర ఇటుక ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొని బారులు తీరి ఉండును. జూన్ మాసములో రాత్రి తొమ్మిదిన్నర వరకు ప్రొద్దు క్రుంకదు. మొదటి వారమంతయు మేము వెలుతురులోనే రాత్రి భోజనము చేసి, వెలుతురులోనే పండుకొని, తెల్లవారుజామున నాలుగింటికే మరల వెలుతురు చూచి లేచి కూర్చున్నాము. ఆ యింటిలో పనివారు లేరు. చెల్లెలు పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి వండును, ఆమె భర్త గిన్నెలు కడుగును. మూడవ దినమున మేము కూడ కడిగాము. మా సంఘస్థులు చూడకపోవుట మేలాయెను అనుకొన్నాము గాని, మా భార్య ఫోటో తీసినది. ఆ ఫోటో ఇప్పటికే మీలో అనేకులు చూచియున్నారని తెలిసినది.

ఆ ఊరి చరిత్ర విన్నాము. 1972లో ఉగాండా దేశమునుండి ఈదీ అమీను భారతీయులను వెళ్ళగొట్టినప్పుడు, దయచేసి మా ఊరికి రావద్దని లెస్టరు నగర పాలకులు ఉగాండా పత్రికలో ప్రకటన వేయించారు. అది చదివియే అటువంటి ఊరు ఒకటి ఉన్నదని తెలిసికొని అనేకులు వచ్చారని అక్కడివారు నవ్వుచు చెప్పుకొందురు. నేడు బెల్‌గ్రేవ్ రోడ్డున నడచినచో గుజరాతీ చీరల దుకాణములు, బంగారపు కొట్లు, మిఠాయి అంగళ్ళు బారులు తీరియున్నవి. కరివేపాకు కూడ దొరకును.

విలియం కేరీ గారు ఓడ ఎక్కక మునుపు, 1789 నుండి నాలుగేండ్లు, ఆ ఊరనే బాప్తిస్టు సంఘకాపరిగా ఉన్నారు. అంతకు ముందు చెప్పులు కుట్టిన మనిషి. మన తెలుగు భాషకు వ్యాకరణము వ్రాసి 1814లో శ్రీరాంపురములో అచ్చు వేయించారు. ఆయన చూడని తెలుగు దేశమునుండి మేము ఆయన నడచిన వీధులకు వెళ్ళితిమి గదా అని కొంత సంతోషించాము.

అక్కడి కేథెడ్రలులో మూడవ రిచర్డు రాజు సమాధి ఉన్నది. 1485లో యుద్ధములో చంపబడిన ఆయన ఎముకలు 2012లో ఒక కారు పార్కింగు స్థలము క్రింద బయటపడగా, 2015 మార్చి 26న ఆర్చిబిషప్పు గారు, రాజవంశీకులు, ప్రజలు కూడి మర్యాదగా సమాధి చేశారు. "చూచితివా, ఒక మనిషికి సరియైన సమాధి కార్యక్రమము జరుగుటకు 530 సంవత్సరములు పట్టినది" అని చెల్లెలితో అన్నాము. బోధకులకు ఇటువంటి మాటలు వెంటనే నోటికి వచ్చును. ఆమె ఆ రాతివంక చూచుచు, "ఆయనకైనా అందరూ వచ్చారు అన్నయ్యా" అన్నది. మేము మరి మాటలాడలేదు.

ఆ మాట ఎందుకు అన్నదో మీకు తెలియవలెను. మా సంఘములో కొందరికి తెలియును.

మా అమ్మగారు 2021 మే నెలలో కరోనా వలన నిద్రించారు. ఆమెకు 66 సంవత్సరములు. చెల్లెలు అప్పటికి రెండేండ్ల క్రిందటనే ఇంగ్లండు చేరినది. ఆ సంవత్సరము ఏప్రిల్ 23 నుండి బ్రిటిషు ప్రభుత్వము మన దేశమును ఎర్ర జాబితాలో చేర్చినది. ఇక్కడికి వచ్చి తిరిగి వెళ్ళువారు పది దినములు హోటలులో నిర్బంధముగా ఉండి, మనిషికి 1,750 పౌండ్లు చెల్లించవలెను. విమానములు అరుదు. ఇద్దరు చిన్న పిల్లలు. ఆమె రాలేకపోయినది. ఆసుపత్రికి డబ్బు పంపినది, సమాధికి కూడ పంపినది. సమాధి దినమున మేము ఆరుగురమే. ఆ సాయంకాలము ఆమె ఫోను చేసి ఏడ్చుచుండగా, మేము ఆమెతో ఒక మాట అన్నాము. "నీవు పంపిన డబ్బుతో పెట్టె కొన్నాము, మోసేవాళ్ళు మాత్రము దొరకలేదు" అని అన్నాము. వందలాది సమాధి కార్యక్రమములలో ఆదరణ వాక్యములు చదివిన నోరు ఇదియే. ఆ తరువాత రెండేండ్లు ఆమె ఫోను చేయుచునే ఉన్నది, పండుగలకు బట్టలు పంపుచునే ఉన్నది, గాని అమ్మ మాట ఎత్తలేదు. మేము ఎత్తలేదు.

ఆ మూటను మేము ఆమె చేతికి వెళ్ళిన దినముననే ఇచ్చాము. "తరువాత చూస్తాను" అని బీరువాలో పెట్టినది.

ఇప్పుడు స్నేహితుల సంగతి. హైదరాబాదులో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో మాతో కలిసి చదివిన మిత్రుడొకడు బర్మింగ్‌హాములో గురువుగా ఉన్నాడు. ట్యాంకుబండు దగ్గర హాస్టలు గదిలో ఒకే దుప్పటి క్రింద చలికాలము గడిపినవారము. ఇప్పుడు అతనికి మూడు దేవాలయములు. వాటిలో ఒకటి 700 ఏండ్ల నాటిది, దాని పైకప్పు కారుచున్నది, క్రింద బకెట్టు పెట్టియున్నది. మేము జేబులోని రేకుల లెక్క తలచుకొని నవ్వుకొన్నాము. మూడింటిలో కలిపి ఆదివారము వచ్చువారు 77 మంది. అతనే కారు నడుపుకొని పోవును, అతనే ఆరాధన కాగితములు అచ్చు తీయును, అతనే గంట కొట్టును. ప్రసంగము పన్నెండు నిమిషములు. పదమూడవ నిమిషమున ఒక ముసలాయన గడియారము చూచుకొనును.

"మీకు ఎంతమంది వస్తారు?" అని అడిగాడు. నాలుగు వందలు అని మేము గర్వముగానే చెప్పాము. "వాళ్ళలో ఎంతమంది పేర్లు చెప్పగలవు?" అన్నాడు. ఆ రాత్రి పడకలో ఒక్కొక్క వరుస తలచుకొంటూ లెక్కపెట్టాము. నూట యాభై దాటిన తరువాత ముఖములు వచ్చుచున్నవి గాని పేర్లు రాలేదు. అతడు తన 77 మంది పేర్లే గాక, ఎవరికి ఏ మోకాలు నొప్పియో, ఎవరి కుమారుడు ఎవరితో మాటలాడుట లేదో చెప్పగలడు. గురువారమున దేవాలయపు హాలులో ఆహార పంపిణీ ఉన్నది. డబ్బాలలోని బీన్సు, పాస్తా, పిల్లల పాలపొడి అందుకొనుటకు పని చేసికొనువారు కూడ వరుసలో నిలబడియుండుట చూచాము. ఆ దేశమును గూర్చి మనకున్న ఊహలో ఆ వరుస లేదు.

ఆ మిత్రుడు మమ్మును బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునకు తీసికొనిపోయినాడు. చర్చి మిషనరీ సొసైటీ వారి పాత కాగితములు అక్కడ భద్రపరచియున్నారు. కలము లోపలికి తేనివ్వరు, పెన్సిలుతోనే వ్రాసికొనవలెను. బందరు, ఏలూరు, బెజవాడ, దుమ్ముగూడెము అనే పేర్లు ఆ నేలమాళిగ చలిలో చూచినప్పుడు మనవారినెవరినో రైల్వే స్టేషనులో చూచినట్లాయెను. 1841లో రాబర్టు నోబుల్ గారు, హెన్రీ ఫాక్సు గారు కలిసి బందరుకు వచ్చారు. ఫాక్సు గారు ఆరోగ్యము చెడి తిరిగి వెళ్ళి 1848లో చనిపోయారు. నోబుల్ గారు 1865లో బందరులోనే కన్నుమూశారు. ఆ కాలమున ఒక ఉత్తరము చేరుటకు నెలలు పట్టెడిది. కుమారుడు సమాధి అయిన తరువాత కూడ తల్లి అతని క్షేమమునకై ప్రార్థించుచుండెడిదన్నమాట. ఇది మేము ఆ కాగితములలో చదివినది కాదు, ఆ గదిలో కూర్చుండగా మాకు తోచినది.

అజరయ్య అధ్యక్షులవారు ఇంకను అధ్యక్షులు కాక మునుపు, 1910లో ఎడిన్‌బరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ సమ్మేళనములో నిలబడి, మీరు త్యాగములు చేసితిరి, ప్రాణములు ఇచ్చితిరి, ఇక మాకు స్నేహితులను కూడ దయచేయుడి అను భావము వచ్చునట్లు మాట్లాడిన సంగతి మీరు ఎరుగుదురు. ఆ మాట నచ్చనివారు కూడ ఆ సభలో ఉండిరి. మేము చూడగోరిన మూడవ వ్యక్తి ఆయన అడిగినటువంటి స్నేహితురాలు.

మన ప్రాంతపు మిషను ఆసుపత్రిలో 1962 నుండి 1986 వరకు పని చేసిన ఇంగ్లీషు నర్సు ఒకామె ఉండెడివారు. పెద్దలు ఆమెను సిస్టరమ్మగారు అనేవారు. మా అమ్మగారు ఇరువదేండ్ల వయసులో ఆ ఆసుపత్రిలో ఆయాగా చేరినది. ఆమెకు థర్మామీటరు చదువుట, ఆంగ్ల అంకెలు వ్రాయుట నేర్పి, వార్డు సహాయకురాలిగా చేసినది సిస్టరమ్మగారే. మా చెల్లెలు పుట్టినప్పుడు మొదట చేతిలోనికి తీసికొన్నది కూడ ఆమెయే. ఆమె వెళ్ళిపోవునాటికి మాకు ఏడేండ్లు. ఆ బర్మింగ్‌హాము మిత్రుడు ఎక్కడెక్కడో విచారించి, ఆమె ఇంకను జీవించియున్నారనియు, స్కార్‌బరో అనే సముద్రతీరపు పట్టణములో వృద్ధుల గృహములో ఉన్నారనియు చిరునామా సంపాదించి పెట్టినాడు. చెల్లెలు సెలవు తీసికొన్నది. యార్కు నగరములో రైలు మారి ముగ్గురమూ వెళ్ళాము.

ఆమెకు 91 ఏండ్లు. కిటికీ ప్రక్కన కుర్చీలో, కాళ్ళమీద దుప్పటి కప్పుకొని ఉన్నారు. బల్లమీద రంగు వెలిసిన కొండపల్లి ఎడ్లబండి. మేము ఆంగ్లములో సిద్ధపరచుకొన్న మాటలు చెప్పబోగా, "తెలుగు మర్చిపోయావా నాయనా?" అన్నారు. "ఎలా ఉన్నారు అమ్మగారూ?" అన్నాము. "ఎలా ఉంటాను? ముసలిదాన్ని, ఇట్లాగే ఉన్నాను." మా పేర్లు ఆమెకు గుర్తులేవు. అమ్మ ఊరు, తాతగారి పేరు చెప్పగానే, "ఆ పొట్టి పిల్ల! గ్లూకోజు సీసా పగులగొట్టి మూడు రోజులు నాకు కనబడకుండా తిరిగింది" అన్నారు. మాకు ఆ కథ తెలియదు. చెల్లెలికీ తెలియదు. ఇద్దరమూ ఒకరి ముఖమొకరము చూచుకొన్నాము. అమ్మ లేదని చెప్పినప్పుడు ఆమె మాటలాడక, చెల్లెలి చేయి తీసికొని, ఆ చేతిమీద నర్సులకుండు పొడిబారిన చర్మమును బొటనవ్రేలితో రాయుచు కూర్చున్నారు.

తరువాత ఆమె, "ఆసుపత్రి ఎలా నడుస్తోంది?" అని అడిగారు.

ప్రియులారా, ఆ ఆసుపత్రి సంగతి ఈ హాలులో ఉన్నవారందరకు తెలియును. వంద పడకలున్నచోట రెండు గదులలో బయటి రోగులను చూచుచున్నారు. ప్రసూతి వార్డు తలుపులకు తాళము. ప్రహరీగోడ వెంబడి ఎవరెవరు దుకాణములు వేసికొన్నారో, ఎవరి ఊరకుండుట వలన వేసికొన్నారో ఇక్కడ చెప్పబోము. గురువులమైన మేమును ఊరకున్నవారిలో ఉన్నాము. సముద్రము కనబడు ఆ గదిలో, 24 ఏండ్లు ఇచ్చిన ఆ ముసలామె ముఖము చూచి, "బాగానే నడుస్తున్నది అమ్మగారూ" అన్నాము. మా భార్య తల వంచుకొన్నది. సిస్టరమ్మగారు మమ్మును కాసేపు చూచి, "నాకు తొంభై ఒకటి. నన్ను కాపాడవద్దు. నిజం చెప్పు" అన్నారు.

చెప్పాము. తాళపు సంగతి, దుకాణముల సంగతి, కోర్టు వాయిదాల సంగతి అంతా చెప్పాము. ఆమె ఏడువలేదు. నూతిలో నీళ్ళున్నవా అని అడిగారు. ఉన్నవన్నాము. వేపచెట్టు? కొట్టివేశారన్నాము. అప్పుడు మాత్రము "అయ్యో" అన్నారు. తరువాత టీ వచ్చినది. వెళ్ళివచ్చునప్పుడు ప్రార్థన చేయుమన్నారు. మేము చేయబోగా, "నువ్వు కాదు, ఆ అమ్మాయి" అని చెల్లెలిని చూపారు. చెల్లెలు చేసినది. చిన్న ప్రార్థన.

తిరుగు ప్రయాణములో స్కార్‌బరోనుండి యార్కుకు గంటలోపు. రైలు ఒక చిన్న యేటి వెంబడి పోవును. చెల్లెలు ఎదుటి సీటులో కూర్చున్నది. "నన్ను కాపాడవద్దు" అనే మాట మా చెవులలో ఉన్నది. రెండేండ్లు మేము దాచిపెట్టిన సంగతి అప్పుడు చెప్పాము.

అది ఏమనగా, అమ్మను వెంటిలేటరు మీద పెట్టుటకు ముందు ఆ ఉదయము తొమ్మిది గంటలకు అయిదు నిమిషములు మమ్మును లోపలికి పంపారు. అమ్మ ముసుగు ప్రక్కకు జరిపి, "పాప ఫోను చేసిందా?" అన్నది. అప్పుడు ఇంగ్లండులో తెల్లవారుజామున నాలుగున్నర. చెల్లెలు రాత్రి డ్యూటీలో ఉన్నదని మాకు తెలియును. ఫోను మా జేబులోనే ఉన్నది. మాట్లాడించవద్దు, ఆయాసము హెచ్చునని వార్డులోనివారు చెప్పియున్నారు. అదియొక కారణము. పాప ఏడ్చును, అమ్మ ఏడ్చును, ఆ ఏడుపు మేము వినలేము. అదియే అసలు కారణము. "డ్యూటీలో ఉన్నదమ్మా, రేపు చేయిద్దాము" అన్నాము. ప్రార్థన చేసి బయటికి వచ్చాము. మరల ఆమె మాటలాడలేదు. సమాధి సాయంకాలము చెల్లెలితో అన్న ఆ మాట కూడ ఈ తప్పును దాచుకొనుటకు అన్నదే.

చెల్లెలు కిటికీవైపు చూచుచున్నది. చాల సేపటికి మాటలాడినది. "ఆ జనవరిలో మా వార్డులోకి ఇంటివాళ్ళను రానిచ్చేవారు కాదు అన్నయ్యా. ఎంతమందికో చెవి దగ్గర ఫోను పట్టుకొని నిలబడ్డాను. చేతులు నొప్పి పుట్టేవి. మా అమ్మకు మా అన్నయ్య ఉన్నాడులే అనుకొన్నాను."

యార్కులో రైలు మారునప్పుడు ఆమె నాలుగు టీలు కొన్నది. మేము ముగ్గురమే. ఒకటి అక్కడి బెంచీమీద ఉండిపోయినది.

ఆ తరువాత మూడు దినములు ఆ యింటిలో ఎట్లు గడిచినవో చెప్పలేము. ఆమె వండినది, వడ్డించినది, డ్యూటీకి వెళ్ళినది. పిల్లలకు ఏమియు తెలియక, మామయ్యా, పార్కుకు పోదామని మమ్మును లాగుచుండిరి. తిరిగి వెళ్ళిపోదుమా అని మా భార్యతో అన్నాము. "మీరు చెప్పుటకు రెండేండ్లు తీసికొన్నారు, ఆమెకు మూడు దినములైనా ఇవ్వరా?" అన్నది. నాల్గవ దినము ఉదయము చెల్లెలు రాత్రి డ్యూటీనుండి వచ్చి, బూట్లు కూడ విప్పక, వంటింటి గుమ్మములో నిలబడి అడిగినది: "అమ్మ నన్ను పేరు పెట్టి అడిగిందా, పాప అన్నదా?" పాప అన్నదని చెప్పాము. "ముసుగు తనే తీసిందా?" అవునన్నాము. ఆమె మెట్లెక్కి పోయినది. బీరువా తలుపు తెరచిన చప్పుడు విన్నాము. సాయంకాలము క్రిందికి వచ్చినప్పుడు అమ్మ చీర కట్టుకొని ఉన్నది. దానిమీద స్వెట్టరు.

క్షమించితినని ఆమె అనలేదు. మేము అడుగలేదు. ఆ వారాంతమున మాత్రము, "అమ్మ ఎప్పుడూ చెప్పే కాటన్ దొర సమాధి ఇక్కడే ఎక్కడో ఉందట, చూసి వద్దామా" అన్నది.

మా అమ్మగారి పుట్టిల్లు గోదావరి కాలువ క్రింద ఊరు. "కాటన్ దొర నీళ్ళు తాగినదాన్ని" అని పని చేయునప్పుడెల్ల అనెడిది. చెల్లెలి భర్త కారు నడుపగా, లండను నగరమునకు దక్షిణముగా ఉన్న డార్కింగు పట్టణమునకు వెళ్ళాము. సర్ ఆర్థర్ కాటన్ గారు 1803లో పుట్టి, 1899 జూలై 24న, 96 ఏండ్ల వయసులో ఆ ఊరనే చనిపోయారు. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలు పెట్టి 1852లో ముగించారు. అంతకు మునుపు ఆ డెల్టా ఒక ఏడు వరదకు, ఒక ఏడు కరవుకు బలియైనది. రైళ్ళకంటె కాలువలు మేలని వాదించినందుకు ముసలితనములో, 1878లో, పార్లమెంటు సంఘము ఎదుట ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలసి వచ్చినది. ఆ శ్మశానములో ఆయన సమాధి వెదకుటకు మేము శ్రమపడతామనుకొన్నాము గాని, తెలుగువారు వచ్చిపోవుచునే ఉందురు గనుక త్రోవ అడుగుట తేలికయైనది. పెద్ద కట్టడము కాదు. మన జిల్లాలలో ఆయనకున్న విగ్రహములు చూచినవారికి అది చిన్నదిగా తోచును. చెల్లెలు దుకాణములో కొన్న పూలు పెట్టినది. దారిలో ఎండు గడ్డి పరక ఒకటి రాతిమీద పడియుండగా, అమ్మ సమాధి మీద తీసినట్లే, చేతితో తుడిచినది. అమ్మ సమాధిని ఆమె ఇంకను చూడలేదని మాకు అప్పుడు గుర్తు వచ్చినది.

లండను నగరమును గూర్చి చెప్పమని యౌవనస్థులు సైగ చేయుచున్నారు. రెండు దినములు తిరిగాము. సిటీ రోడ్డున జాన్ వెస్లీ గారు 1778లో తెరచిన ఆలయము, దాని ప్రక్కన ఆయన నివసించిన ఇల్లు, వెనుక ఆయన సమాధి చూచాము. రోడ్డు దాటినచో బన్‌హిల్ శ్మశానము. యాత్రికుని ప్రయాణము వ్రాసిన బనియను గారు, కీర్తనకారుడు ఐజాకు వాట్సు గారు, వెస్లీ గారి తల్లి సుసన్న అక్కడనే ఉన్నారు. ఆఫీసు ఉద్యోగులు ఆ సమాధుల నడుమ బెంచీల మీద కూర్చుండి రొట్టె తినుచుందురు. సి. పి. బ్రౌను దొరగారి సమాధి కెన్సల్ గ్రీనులో ఉన్నదని తెలిసియు వెళ్ళుటకు సమయము చాలలేదు. మిగిలిన రాజభవనములు, పెద్ద గడియారము మీరు ఫోనులో చూచినట్లే ఉన్నవి.

విమానాశ్రయములో చెల్లెలు మా భార్యకు కళ్ళజోడు పెట్టె తిరిగి ఇచ్చినది. తెరచి చూడగా ఖాళీ. కళ్ళజోడు తాను ఉంచుకొని, పెట్టె ఎందుకు ఇచ్చినదో అడుగుటకు మాకు నోరు రాలేదు. ఇంటికి వచ్చిన తరువాత చూడగా, పెట్టె అడుగున మడిచిన కాగితము ఉన్నది. దానిమీద, "నవంబరు 2న మీకు సాయంత్రం ఆరు, నాకు మధ్యాహ్నం పన్నెండున్నర. డ్యూటీ పెట్టుకోను" అని వ్రాసియున్నది.

2023 నవంబరు 2న సమాధుల పండుగకు మీలో అనేకులు శ్మశానమునకు వచ్చియుందురు. సమాధులకు సున్నము వేసి, బంతిపూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించియున్నారు. మేము ఆరాధన ముగించి, అంగీ విప్పకనే అమ్మ సమాధి దగ్గరకు పోయి, ఆరు గంటలకు ఫోను చేశాము. చెల్లెలు మాతో మాట్లాడలేదు. "దగ్గరగా పట్టుకో అన్నయ్యా" అన్నది. మేము వంగి, కొవ్వొత్తులకు తగులకుండ, ఫోనును రాతి దగ్గర పట్టుకొన్నాము. ఏమి చెప్పినదో వినకూడదని ముఖము ప్రక్కకు త్రిప్పుకొన్నాము. ఇరువది నిమిషములు మాట్లాడినది. ఒకసారి నవ్వినట్లు కూడ వినబడినది, గ్లూకోజు సీసా సంగతి చెప్పుచున్నదేమో. మా చేయి నొప్పి పుట్టినది. రెండవ చేతికి మార్చుకొని పట్టుకొన్నాము.